ఫౌల్క్ ఆట గురించి కూడా రాయండి

అయ్యా,

ఇంగ్లండ్ పాతకాలపు ఫుట్‌బాల్ గోల్‌కీపర్ విలియం ఫౌల్క్ పేరు మన క్రీడా పేజీల్లోనో క్విజ్ శీర్షికల్లోనో కనబడితే మూడే ముక్కలుంటాయి: ‘ఫ్యాటీ’ అనే మారుపేరు, బరువు, బ్లాక్‌పూల్ బీచ్ ఇసుకలో చావు. మూడోది కట్టుకథ. రెండోది లెక్క తప్పే చోటు.

ఇంగ్లిషువాళ్లు మనిషి బరువు స్టోన్లలో చెబుతారు. ఒక స్టోన్ 14 పౌండ్లు, దాదాపు 6.35 కిలోలు. ఫౌల్క్‌కి చెప్పే 22 స్టోన్లంటే 140 కిలోలు. తొందరలో దాన్ని 220 పౌండ్లు అనుకుంటే మనిషి 100 కిలోలకు దిగిపోతాడు! పైగా ఆ అంకె 1905లో చెల్సీ క్లబ్బుకి వెళ్లేనాటిది. 1894లో షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్బులో చేరిన ఇరవయ్యేళ్ల కుర్రాడికి దాన్ని అంటగడితే ఎలా?

షెఫీల్డ్‌లో అతను 11 ఏళ్లు ఆడాడు. 1897–98లో ఇంగ్లండ్ లీగ్ గెలిచారు. ఆ క్లబ్బు ఇప్పటికీ ఇంకోసారి ఆ టైటిల్ చూడలేదు. 1899, 1901, 1902ల్లో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ పోటీ) ఫైనల్ ఆడి రెండు గెలిచారు. ఇంగ్లండ్ జట్టులో మాత్రం ఒక్కటే మ్యాచ్, 1897లో వేల్స్ మీద.

అంత శరీరం గోల్ ముందు ఎందుకు పనికొచ్చిందో తెలియాలంటే నాటి నిబంధనలు చూడాలి. బంతి చేతిలో ఉన్న కీపర్‌ని భుజంతో గుద్ది గోల్‌లోకి నెట్టేయొచ్చు, ఆ గోల్ చెల్లుతుంది. అందుకే చాలామంది కీపర్లు పట్టుకోవడం మాని పిడికిలితో కొట్టేసేవారు. ఫౌల్క్‌ని నెట్టడం ఎవరి తరం?

పెనాల్టీ సంగతి ఇంకా ఆసక్తికరం. 1905 వరకూ కీపర్ గోల్ గీత దాటి 6 గజాలు ముందుకు రావచ్చు. కొట్టేవాడు 12 గజాల దూరంలో ఉంటాడు. అంటే కీపర్ సరిగ్గా సగం దారిలో నిలబడతాడు, 8 గజాల గోల్‌కి అక్కడ అతను కాయాల్సిన వెడల్పు 4 గజాలే అవుతుంది. ఆ 12 అడుగుల్లో ఆరడుగులు దాటిన మనిషి చేతులు చాపి నిలబడితే మిగిలేదెంత? 1905లో కీపర్ గీత మీదే ఉండాలని నిబంధన మార్చారు. ఆ ఏడాదే అతను 50 పౌండ్ల డబ్బుకు చెల్సీకి మారి తొలి కెప్టెన్ అయ్యాడు. వెసులుబాటు పోయినా ఆ సీజన్‌లో చెల్సీ 38 లీగ్ మ్యాచ్‌ల్లో 37 గోల్స్ మాత్రమే ఇచ్చుకుంది. వాటిలో 34 మ్యాచ్‌లకు కీపర్ ఫౌల్కే. నా మట్టుకు నాకు కప్పులకన్నా ఇదే గొప్ప.

ఇక చావు. బీచ్‌లో చిల్లర డబ్బులకు పెనాల్టీలు ఆపుతూ న్యుమోనియాతో పోయాడని రాస్తారు. బ్రాడ్‌ఫర్డ్ సిటీ క్లబ్బులో ఆడి 1907లో ఆట మానేశాక షెఫీల్డ్‌లో పబ్బు నడిపాడు. 1916 మే 1న, 42 ఏళ్లకు పోయాడు. మరణ పత్రంలో ఉన్నది కాలేయ వ్యాధి, సిరోసిస్.

ఫొటో వేసేటప్పుడు ఒక జాగ్రత్త. కీపర్‌కి వేరే రంగు చొక్కా ఉండాలన్న నిబంధన 1909లో వచ్చింది. అప్పటికి ఫౌల్క్ ఆట మానేసి రెండేళ్లు. షెఫీల్డ్ జట్టు ఫొటోలో మిగతావాళ్లలాగే ఎరుపు–తెలుపు చారల చొక్కాలో వెతకండి. పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు