బ్లూమ్‌ఫాంటెయిన్ పక్కన కర్నూలును పెట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

రాజ్యాంగ దినోత్సవం నాడు మీ జిల్లా పేజీల్లో 'ప్రపంచ రాజ్యాంగాలు - మనం' అని పేజీ నిండా ఒక పట్టిక వేశారు. సవరణ వస్తుందేమోనని పది రోజులు చూశాను. రాలేదు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఈపాటికి దాన్ని కత్తిరించి నోటుబుక్కుల్లో అతికించుకుని ఉంటారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మన ఊరి సంగతి. దక్షిణాఫ్రికా గడిలో 'మూడు రాజధానులు, న్యాయ రాజధాని బ్లూమ్‌ఫాంటెయిన్' అని రాసి, కర్నూలుకూ ఇదే నమూనా అని ఒక ముక్క చేర్చారు. మన రాష్ట్రానికీ మూడు రాజధానులన్న ప్రతిపాదన వచ్చిన 2019 డిసెంబరు నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. వద్దన్నవాళ్లూ కావాలన్నవాళ్లూ ఇద్దరూ ఆ దేశం పేరే ఎత్తారు గానీ అక్కడ అసలు ఏం జరిగిందో చెప్పినవాళ్లు తక్కువ. 1910లో కేప్, నటాల్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ అనే నాలుగు వలస రాజ్యాలు ఒక్కటయ్యేటప్పుడు రాజధాని ఎక్కడన్నది తేలలేదు. పార్లమెంటు కేప్‌టౌన్‌కు, పరిపాలన ప్రిటోరియాకు, అప్పీలు కోర్టు బ్లూమ్‌ఫాంటెయిన్‌కు పంచుకున్నారు. ఏదీ దక్కని నటాల్ ముఖ్యపట్టణం పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు పరిహారంగా డబ్బు ఇచ్చారు. అది ఒక దేశం పుట్టేటప్పటి ఒప్పందం. ఈ రోజు అక్కడున్న 9 ప్రావిన్సుల్లో ఒక్కోదానికి ఒక్కటే ముఖ్యపట్టణం. మన రాష్ట్రాన్ని పోల్చాల్సింది ఆ ప్రావిన్సులతో, ఆ దేశంతో కాదు.

ఇంకో పెద్ద పొరపాటు ఉంది. బ్లూమ్‌ఫాంటెయిన్‌లో ఉన్నది అప్పీళ్ల సుప్రీంకోర్టు. దానికి పైన రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. అది జోహన్నెస్‌బర్గ్‌లో కూర్చుంటుంది. 2013 నుంచి రాజ్యాంగ వ్యాజ్యాలకే కాదు, అన్ని రకాల కేసులకూ అదే ఆఖరి కోర్టు. మీరు న్యాయ రాజధాని అని రాసిన ఊళ్లో దేశపు అత్యున్నత కోర్టు లేనే లేదు.

ఒక ఊరికి కోర్టు రావాలంటే ఎవరి సంతకం కావాలి? పోలిక అక్కడ మొదలుపెట్టాలి. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం 42వ సెక్షన్ పార్లమెంటు కేప్‌టౌన్‌లో ఉంటుందని చెబుతూనే, చట్టం చేసి మార్చుకునే అధికారం ఆ పార్లమెంటుకే ఇచ్చింది. మన హైకోర్టు సంగతి అలా కాదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రధాన పీఠం ఎక్కడన్నది రాష్ట్రపతి నోటిఫై చేయాలి. మరో చోట జడ్జీలు కూర్చోవాలంటే ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించాలి, గవర్నర్ ఆమోదించాలి. కర్నూలులో బెంచి కావాలని 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానం కోరిక మాత్రమే. సీమ జనానికి ఈ మెట్లు వరసగా చెప్పి ఉంటే ఏ మెట్టు మీద ఆగిందో వాళ్లే నిలదీసేవాళ్లు. అది వదిలేసి బ్లూమ్‌ఫాంటెయిన్ బొమ్మ చూపిస్తున్నారు. అంత దూరం పోవడం ఎందుకు? రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు కావాలని కోస్తా, సీమ నాయకులు రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక 1937 నాటిది. 1953లో రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు పంచుకున్నది మనమే. ఆ ముక్క మీ పట్టికలో ఎక్కడా లేదు.

ఇక 'సమాఖ్య' గడి, అంటే కేంద్రం, రాష్ట్రాలు అధికారాలు పంచుకునే పద్ధతి. భారత్‌నూ అమెరికానూ ఒకే గడిలో వేసి టిక్కు పెట్టారు. ఒక రాష్ట్రాన్ని దాని ఇష్టం లేకుండా చీల్చగలరా అని అడిగితే ఆ టిక్కు చెరిగిపోతుంది. అమెరికా రాజ్యాంగం 4వ అధికరణం ప్రకారం ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలి. మసాచుసెట్స్ ఒప్పుకున్నాకే 1820లో మెయిన్ విడి రాష్ట్రమైంది. మన 3వ అధికరణంలో రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపి గడువు పెడితే చాలు. సభ ఏమన్నా పార్లమెంటును కట్టడి చేయదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. 2014 జనవరి 30న మన అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. మామూలు మెజారిటీ సరిపోయింది, ఎందుకంటే ఇలాంటి చట్టం 368వ అధికరణం కింద రాజ్యాంగ సవరణ కాదని మన 4వ అధికరణం చెబుతోంది. ఇది కళ్లారా చూసిన జిల్లాలో కూడా పిల్లలకు 'రెండూ సమాఖ్యలే' అని నేర్పితే ఎలా?

ఎగువ సభల గడీ అంతే. మన రాజ్యసభ, అమెరికా సెనేట్ ఒకటే అన్నట్టు వేశారు. సెనేట్‌లో జనం కిక్కిరిసిన కాలిఫోర్నియాకు 2 సీట్లు, ఆరు లక్షల లోపు జనాభా ఉన్న వయోమింగ్‌కూ 2 సీట్లు. రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31, మనకు 11, సిక్కింకు 1. అక్కడ రాష్ట్రాలన్నీ సమానం, ఇక్కడ జనాభాను బట్టి వాటా.

సవరణల సంఖ్య కూడా అలాగే పక్కపక్కన పెట్టేశారు. అమెరికాకు 27, మనకు 106, కాబట్టి మనది 'సులభ రాజ్యాంగం' అట. అమెరికాలో ఉభయ సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. మన దగ్గర ఒకటే దారి లేదు. చాలావాటికి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ (ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా) చాలు. జీఎస్టీ లాంటివాటికి సగం రాష్ట్రాల ఆమోదం కూడా కావాలి. శాసన మండలి రద్దుకు, రాష్ట్రం చీలికకు మామూలు చట్టం చాలు. పైగా 1973 కేశవానంద భారతి తీర్పు తర్వాత రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని, అంటే దాని మూల లక్షణాలను, ఏ మెజారిటీతోనూ తాకలేరు. జర్మనీ అదే రక్షణను 79వ అధికరణంలోనే రాసిపెట్టుకుంది.

బ్రిటన్‌ది 'అలిఖిత రాజ్యాంగం' అన్న మాటను ఇకనైనా వదిలేయండి. 1689 హక్కుల చట్టం, 1911 పార్లమెంటు చట్టం రాసినవి కావా? అన్నీ ఒకే గ్రంథంగా కూర్చలేదు, అంతే తేడా. జర్మనీ అధ్యక్షుణ్ని అమెరికా అధ్యక్షుడితో ఒకే వరసలో నిలబెట్టారు. తెలుగులో ఇద్దరికీ ఒకే మాట వాడతాం కాబట్టి వచ్చిన చిక్కిది. జర్మనీలో ప్రభుత్వం నడిపేది ఛాన్సలర్. అక్కడి అధ్యక్షుడు దాదాపు మన రాష్ట్రపతి లాంటివాడు.

ఇది ఒక్క మీ పత్రిక తప్పే కాదు. ప్రతి నవంబరు 26న ఆఫీసుల్లో వరుసగా నిలబడి పీఠిక చదివి, ఫోటో దిగి వెళ్లిపోతారు. ఆ ఆఫీసుల్లో ఎంతమందికి 3వ అధికరణం తెలుసు? కోచింగ్ మెటీరియల్లో 'ఏ దేశం నుంచి ఏది' అన్న జాబితా తప్ప ఇంకేం ఉండదు. ప్రశ్నపత్రాలూ దాన్నే అడుగుతాయి. ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి వచ్చాయని గుర్తుపెట్టుకున్న కుర్రాడికి మార్కు వస్తుంది. ప్రభుత్వానికి దారి చూపే ఆ సూత్రాల అమలు కోసం కోర్టుకు ఎందుకు వెళ్లలేమో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పరు. రేపు ఆ కుర్రాడే తహసీల్దారు అవుతాడు.

గ్రూప్స్ పరీక్షలకు ముందే దక్షిణాఫ్రికా, సమాఖ్య, బ్రిటన్, జర్మనీ గడులకు సవరణ వేయండి, అదే పేజీలో, అదే సైజు అక్షరాలతో. దాని కింద 3, 4 అధికరణాల తెలుగు పాఠం పూర్తిగా అచ్చు వేయండి. రెండూ కలిపినా పావు పేజీ మించవు.

- ఒక పాఠకుడు, కర్నూలు