జున్ను దివాన్ కింద నుంచి బయటికొచ్చింది

మచ్చా,

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ "బాగానే ఉంది రా" అని పెట్టేస్తున్నాను కదా, మొదటి పది రోజులూ అది నిజం కాదు. పక్కన అమ్మ వింటోందని తెలిసి చెప్పలేకపోయాను. మోకాలి ఆపరేషన్ అయి, ఉన్న ఊరు వదిలి హైదరాబాద్‌లో నీ ఫ్లాట్‌కి వచ్చిన మనిషికి, నా దగ్గర వదిలిన తన పిల్లి జున్ను అన్నం మానేసిందని ఎలా చెప్పమంటావు? ఇప్పుడు చెప్పొచ్చు. అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా, అమ్మకు చదివి వినిపించు.

ఆ రోజు చిత్తూరులో మామిడికాయల ట్రేలో కూర్చోబెట్టి, పైన ఇంకో ట్రే బోర్లించి తాడు కట్టామా, కాణిపాకం క్రాస్ దాటేదాకా కిక్కురుమనలేదు. అక్కడ మొదలుపెట్టి చంద్రగిరి వచ్చేదాకా ఒకటే అరుపు. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే, ఎన్నిసార్లు తిరగలేదు మనం, ఆ రోజు మాత్రం దారి తరగలేదు.

ఇంటికొచ్చాక తప్పంతా నాదే. తీసుకొచ్చి హాల్లో వదిలాను. మా పాప, దాని స్నేహితులు, పక్కింటి పెద్దమ్మ అందరూ చుట్టూ మూగారు, అప్పుడే కుక్కర్ విజిల్ వేసింది. అంతే, వెళ్లి దివాన్ కింద దూరింది. పొద్దుగూకినా రాకపోయేసరికి భయం పోగొడదామని చెయ్యిపెట్టి బయటికి లాగాను. గీరలేదు, కరవలేదు. కొయ్యలా బిగుసుకుపోయి, నా చేతుల్లోనే పాస్ పోసేసింది. దాని గుండె నా అరచేతికి తగులుతూ ఎంత వేగంగా కొట్టుకుందో నాకు ఇంకా గుర్తే. పిల్లికి నచ్చని చోట దాక్కోవడం ఒక్కటే ధైర్యం, దాన్ని కూడా నేను లాగేసుకున్నాను.

రెండు రోజులు ముద్ద ముట్టలేదు. నీళ్లు తాగిందో లేదో కూడా తెలియదు. మూడో రోజు పొద్దున్నే, దాన్ని మళ్లీ ట్రేలో కుక్కే ధైర్యం లేక, ఫోన్లో వీడియో తీసుకుని వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రికి నేనొక్కణ్ణే వెళ్లాను. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. మనం ఉపవాసం ఉన్నట్టు పిల్లి ఉండలేదట, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి అది దెబ్బతింటుందట, లావుగా ఉండే పిల్లులకు మరీ ప్రమాదమట. మన జున్ను సంగతి నీకు తెలుసు కదా. "ఈ రాత్రికి తినకపోతే రేపు తప్పకుండా తీసుకురండి. ముందు దానికో చిన్న గది ఇవ్వండి, ఇల్లంతా ఒకేసారి చూపించొద్దు" అంది.

సామాన్ల గది ఖాళీ చేశాం. ఒక మూల ఇసుక ట్రే, దానికి దూరంగా ఎదురు మూల తిండీ నీళ్లూ (దొడ్డి పక్కన మనం మాత్రం తింటామా!), ఒక అట్టపెట్టె పక్కకు పడుకోబెట్టి అందులో అమ్మ ఇచ్చిన పాత చీర. ఆ చీర ఉతికి వేద్దామనుకున్నాను, మా ఆవిడ ఆపింది. ఎంత మంచి పని చేసిందో. దానికి ఇల్లంటే ఆ వాసనే కదా! ఆ రాత్రి మూడింటికి స్టీలు ప్లేటు గచ్చుమీద కదిలిన చప్పుడు వినిపించింది. ఉప్పూ, ఉల్లిపాయా లేకుండా ఉడికించిన చికెన్, నాలుగు ముక్కలు తినింది. ఉల్లిపాయ పిల్లులకు విషం మచ్చా, మన కూర కలిపిన అన్నం పెట్టకూడదు. పాలు కూడా మానిపించాను, అమ్మ కోప్పడకూడదు, పెద్దయ్యాక చాలా పిల్లులకు ఆవుపాలు అరగవట, విరేచనాలవుతాయి.

ఆ తర్వాత నేను చేసిందల్లా కూర్చోవడం. రోజూ రాత్రి భోజనమయ్యాక ఆ గదిలో గోడకానుకుని కింద కూర్చునేవాణ్ణి, దానివైపు చూడకుండా. తేరిపార చూస్తే పిల్లికి అది బెదిరింపు. ఎప్పుడైనా చూపు కలిస్తే మెల్లగా కళ్లు మూసి మెల్లగా తెరవాలి. ఆరో రోజు పెట్టెలోంచి ఒక కన్ను, మీసానికి బూజు అంటుకుని, నన్నే చూస్తోంది. నేను కళ్లు మూసి తెరిచాను. కాసేపటికి అదీ మూసి తెరిచింది. నేను బయటికొచ్చి మా ఆవిడకు చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

రాత్రుళ్లు ఎక్కడెక్కడ తిరిగిందో ఇసుకే చెప్పేది. ఎర్ర గచ్చు కదా, పాదాలకంటిన ఇసుక రేణువులు తెల్లారేసరికి కనిపించేవి. మొదట ట్రే చుట్టూ, తర్వాత కిటికీ దాకా. పదో రోజు నుంచి తలుపు వారగా తీసిపెట్టాం, రెండో వారం చివరికి వంటింటి గడప దాకా. పాప పొద్దున లేవగానే మోకాళ్లమీద కూర్చుని ఎక్కడిదాకా వచ్చిందో వెతికేది.

ఒక్క విషయం అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పాలి. మొన్న స్పీకర్‌లో "జున్నమ్మా" అని పిలిచింది కదా, చెవులు నిక్కబొడుచుకుని పరిగెత్తుకొచ్చింది. ఫోన్ వెనక వెతికింది, తలుపు వెనక వెతికింది, ఆ రాత్రంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఏడ్చింది. అమ్మ గొంతు మరిచిపోవాలని కాదు. ఇంకో నెల ఆగుదాం, అంతే. అప్పటిదాకా బయటికి కూడా వదలను, ఇప్పుడు వదిలితే పాత ఇల్లు వెతుక్కుంటూ పోతుంది, బైరాగిపట్టెడ వీధుల్లో కుక్కలు నీకు తెలియనివి కాదు. కిటికీలకు మెష్ కొట్టించాను. ఒక్క దీపావళికే టెన్షన్‌గా ఉంది, ఆ రాత్రి గదిలో నేనే పడుకుంటా.

నిన్న శుక్రవారం. నేను పేపర్ చదువుతూ కూర్చుంటే వచ్చి నా లుంగీ అంచు వాసన చూసింది, మోకాలికి తల ఒక్కసారి రుద్దింది, పేపర్ మీదే చుట్టుకుని పడుకుంది. కాళ్లు తిమ్మిరెక్కినా గంటసేపు కదల్లేదు నేను.

అమ్మ చీర వాసన తగ్గిపోతోంది మచ్చా. అమ్మ కట్టి విడిచిన పాతది ఇంకొకటి పంపు, ఉతక్కుండా, కవర్లో గట్టిగా చుట్టి.

నీ మచ్చా