సంక్రాంతికి నిలిచి ఉగాదికి కూలే ఓవర్‌క్లాక్

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. నీ కంప్యూటర్‌లో రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు 3600 వేగంలో, 3060 గ్రాఫిక్స్ కార్డు. చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించాలని (అదే ఓవర్‌క్లాక్) పీబీఓ అనే ఏఎండీ సెట్టింగు ఆన్ చేసి 200 మెగాహెర్ట్జ్ కలిపినావు, వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలకు) మైనస్ 30 పెట్టినావు. ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ అరగంట తిప్పినా ఏమీ కాదు, గేమ్ మొదలుపెడితే మాత్రం ఇరవై నిమిషాలకో నలభై నిమిషాలకో స్క్రీన్ నల్లబడి సిస్టమ్ మళ్లీ లేస్తాది. "సినీబెంచ్‌కు తట్టుకున్నది గేమ్‌కు ఎట్ల పడిపోతాదిరా?" అని అడిగినావు చూడు, గుట్టంతా ఆడే ఉంది.

సినీబెంచ్‌లో ఆరు కోర్లూ ఒకేసారి కాడి మోస్తాయి. అప్పుడు వాట్ల పరిమితి, వేడి పరిమితి అడ్డమొచ్చి క్లాక్, అంటే వేగం, కిందికి దిగుతాది. బరువెక్కువైతే ఎద్దు నడక తగ్గించినట్టు. గేమ్‌లో అట్ల కాదు. బరువంతా ఒకటి రెండు కోర్ల మీదే పడతాది, మిగతావి కునుకు తీస్తాంటాయి. ఆ ఒకటి రెండు మాత్రం కొసాకు పోతాయి. 5600ఎక్స్ మామూలుగా 4.65 గిగాహెర్ట్జ్ దాకా పోతాది, నువ్వు కలిపిన 200తో 4.85. కర్వ్‌లో ఒక్కో మెట్టుకు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ముప్పై మెట్లంటే 90 నుంచి 150 మిల్లీవోల్టులు కోసేసినావన్నమాట. ఎక్కువ పరుగు తియ్యమని చెప్పి, ఆ పూటే సంగటి ముద్ద సగం చేసినట్టుంది నీ యవ్వారం. సినీబెంచ్ ఆ కొసకు పోనే పోదు కాబట్టి తప్పు బయటపడదు.

అయినా నా మాట మీద కర్వ్ ఒక్కదాన్నే పట్టుకోవద్దు. ముందు సాక్ష్యం చూడాల. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసిపెట్టుకునే చిట్టా) తెరువు, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌లోకి పో. కూలిన నిమిషం దగ్గర కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా ఉంటాది. దాన్ని చూసి పవర్ సప్లై పోయిందని చాలామంది కొత్తది కొనేస్తారు. అది చెప్పేది ఒకటే, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. ఎందుకు కాలేదో దానికీ తెలీదు. నువ్వు వెతకాల్సింది హార్డ్‌వేర్ తప్పులు రాసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్, ఈవెంట్ 18. అది తెరిస్తే 'క్యాష్ హైరార్కీ ఎర్రర్' అనో ఇంకోటనో ఉండి, కింద ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఇస్తాది. ఆ అంకెను రెండుతో భాగించు. నీ చిప్‌లో కోరుకు రెండు థ్రెడ్లు కాబట్టి 0, 1 అంటే కోర్ 0. 6, 7 అంటే కోర్ 3. 10, 11 అంటే కోర్ 5. లెక్క సున్నా నుంచి మొదలు, మరిచిపోవద్దు. నాలుగైదు సార్లు కూలినప్పుడు ప్రతిసారీ అదే కోర్ వస్తాంటే దొంగ దొరికినట్టే. 'బస్/ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్' అని వస్తే మాత్రం కోర్ల కంటే ముందు ర్యామ్ వేగం, ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ కోర్లనూ ర్యామ్‌నూ కలిపే దారి వేగం), ఎస్ఓసీ వోల్టేజీ (ఆ దారికి అందే వోల్టేజీ) తట్టు చూడాల.

ఈవెంట్ 18 అసలు లేకుండా, గేమ్ ఒక్కటే మూతపడి డెస్క్‌టాప్‌కు వస్తాండి, లాగ్‌లో డిస్‌ప్లే ఈవెంట్ 4101 ఉంటే అది గ్రాఫిక్స్ కార్డు గోల. కార్డును కూడా ఓవర్‌క్లాక్ చేసింటే ముందు దాన్ని తీసేయ్. రెండు ఓవర్‌క్లాకులు పెట్టుకుని ఒకదాని తప్పు వెతకడం కుదిరే పని కాదు.

ఇంగ పని మొదలుపెట్టు. బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే సెట్టింగుల తెరలో) ఇప్పటి సెట్టింగులు ఒక ప్రొఫైల్‌గా దాచుకుని, 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' కొట్టు. ఎక్స్ఎంపీ కూడా పోవాల. నీ ర్యామ్ 3600కు పోయేది ఎక్స్ఎంపీతోనే, అదీ ఓవర్‌క్లాకే. ఆ స్థితిలో అదే గేమ్ రెండ్రోజులు ఆడు. అప్పుడూ కూలితే ప్రాసెసర్‌ను తిట్టడం మానేసి కరెంటు తట్టు, డ్రైవర్ల తట్టు పో. కూలకపోతే ఎక్స్ఎంపీ ఒక్కటే ఆన్ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 తిప్పు. ఉచితంగా ఇచ్చేదాంట్లో నాలుగు పాస్‌లు ఉంటాయి, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నే చూసుకోవచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటే గదా" అనొద్దు. ఎర్రర్ వస్తే ర్యామ్‌ను 3200కు, ఎఫ్‌క్లాక్‌ను 1600కు దించి మళ్లీ చూడు. 3600కు ఎఫ్‌క్లాక్ 1800 ఉండాల, రెండూ జోడెద్దుల మాదిరి కలిసి నడవాల. ఎస్ఓసీ వోల్టేజీ 1.1 దగ్గర పెట్టు, 1.2 దాటించొద్దు. ర్యామ్ తప్పుతో కూలిన సిస్టమ్‌లో విండోస్ ఫైళ్లు కూడా చెడిపోయి ఉండొచ్చు. అందుకే ర్యామ్ కుదురుకున్నాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) ఒకసారి కొట్టు.

ఆ తర్వాతే పీబీఓ. 200 కలపొద్దు, సున్నా పెట్టు. ఆ 200తో గేమ్‌లో వచ్చేది నాలుగైదు ఫ్రేములు, పొయ్యేది నిద్ర. అడ్వాన్స్‌డ్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, దాంట్లో పీబీఓ, దాంట్లో కర్వ్ ఆప్టిమైజర్‌కు పోయి 'ఆల్ కోర్స్' తీసేసి 'పర్ కోర్' పెట్టు. ఆరు కోర్లూ ఒక్క తల్లి పిల్లలైనా ఒక్క తీరుగా ఉండవు. ఏఎండీ వాళ్ల రైజెన్ మాస్టర్ ప్రోగ్రామ్‌లో నక్షత్రం గుర్తున్న కోర్లు మంచివి. మంచివాటికి ఇంకా ఎక్కువ కోయొచ్చు అనుకుంటారు, నిజం తిరగేసి ఉంటాది. వాటికి ఫ్యాక్టరీలోనే వోల్టేజీ బిగబట్టి ఇచ్చింటారు, పైగా గేమ్ బరువు మొదట పడేదీ వాటి మీదే. వాటికి మైనస్ 5తో మొదలుపెట్టు, మిగతావాటికి మైనస్ 15.

పరీక్షకు సినీబెంచ్ పనికిరాదని తేలిపోయింది గదా. కోర్‌సైక్లర్ దించుకో, డబ్బు పనిలేదు. అది ప్రైమ్95 అనే గట్టి పరీక్షను ఒక్కో కోర్ మీద విడివిడిగా తిప్పుతాది. మోడ్, అంటే ప్రాసెసర్ చేసే లెక్కల రకం, ఎస్ఎస్ఈ పెట్టు, ఏవీఎక్స్ వద్దు. ఏవీఎక్స్ బరువు ఎక్కువ, క్లాక్ దిగిపోతాది. మనకు కావాల్సింది తేలిక బరువు మీద కొసకెక్కిన క్లాక్. కోర్‌కు పది నిమిషాలంటే ఒక చుట్టుకు గంట. ఫెయిలైన కోర్ పేరు అదే చెప్తాది. సిస్టమే రీస్టార్ట్ అయిపోతే లాగ్ ఫైల్ చివరి లైన్ చూడు, ఏ కోర్ మీదుండగా పోయిందో ఉంటాది. ఆ కోర్ ఒక్కదాన్నే ఐదు మెట్లు సున్నా తట్టుకు జరుపు, మళ్లీ తిప్పు. అన్నీ పాసైనా ఒక రాత్రి సిస్టమ్ ఖాళీగా వదిలి చూడు. కర్వ్ అతిగా కోస్తే బరువే లేనప్పుడు కూడా పడిపోతాది, పొద్దున లేచేసరికి లాగిన్ స్క్రీన్ కనబడతాది.

ఎవరో 1.4 వోల్టులు ఫిక్స్ చేయమన్నారని రాసినావే, ఆ పని చెయ్యొద్దు. వోల్టేజీని ఆటో సెట్టింగులో వదిలితే ఒక్కోసారి 1.45 కనబడేది నిజమే. కానీ అది ఒక కోర్ మీద, తక్కువ కరెంటులో, క్షణకాలం. ఆరు కోర్ల బరువు మీద 1.4 నిలబెడితే చిప్ నెమ్మదిగా అరుగుతాది, ఈరోజు నిలబడిన క్లాక్ ఏడాదికి నిలబడదు.

ఇంగ ఎండ సంగతి. చిప్ వేడెక్కినంత మాత్రాన కూలదు, 95 డిగ్రీలు ముట్టితే తానే నెమ్మదిస్తాది. కానీ అదే క్లాక్‌కు వేడిలో రోంత ఎక్కువ వోల్టేజీ కావాల. గదిలో పది డిగ్రీలు పెరిగితే చిప్‌లోనూ దాదాపు అంతే పెరుగుతాది. సంక్రాంతి చలిలో కుదిరిన మైనస్ 20 ఉగాది ఎండకు నిలబడదు, అది నీ అనంతపురమైనా మా కర్నూలైనా ఒకటే. అందుకే పరీక్ష తెల్లారుజామున కాదు, మధ్యాహ్నం మూడు గంటలకు చెయ్యాల. వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకుని గేమ్ ఆడి, తర్వాత మ్యాగ్జిమమ్ కాలమ్ చూడు. గేమ్‌లోనే 85 దాటుతాంటే పీబీఓలో పీపీటీ (వాట్ల పరిమితి) 76, టీడీసీ, ఈడీసీ (కరెంటు పరిమితులు) 60, 90 పెట్టు, ఇవే ప్రాసెసర్ పుట్టు పరిమితులు.

ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్టు మార్చాలంటే కూలర్‌ను పట్టి పైకి లాగొద్దురా. ఏఎం4లో, అంటే నీ ప్రాసెసర్ కూర్చునే రకం సాకెట్‌లో, లాక్ వేసి ఉన్నా చిప్ కూలర్‌కు అతుక్కుని పిన్నులతో సహా ఊడొస్తాది. పది నిమిషాలు గేమ్ తిప్పి పేస్టు మెత్తబడనీ, ఆఫ్ చేసి ప్లగ్ పీకి, నాలుగు స్క్రూలు కొంచెం కొంచెంగా వదులు చెయ్. బోర్డు వెనకాల బ్యాక్‌ప్లేట్‌ను ఒక చేత్తో పట్టుకో, లేకుంటే జారిపోతాది. కూలర్‌ను అటూఇటూ మెల్లగా తిప్పు, జిడ్డు వదిలినట్టు తెలుస్తాది, అప్పుడు ఎత్తు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నడుమ బఠాణీ గింజంత పేస్టు పెట్టి, ఎదురెదురు మూలలు మార్చి మార్చి బిగించు. మీ ఎర్రదుమ్ముకు ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి దులుపు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో.

ఇంకొకటి, నీ ఉత్తరంలో చివరన 600 వీఏ యూపీఎస్ అని రాసినావు. నాకు దాని మీద గట్టి అనుమానం. అది సాధారణంగా 360 వాట్లే మోస్తాది. 3060కే 170, ప్రాసెసర్‌కు పీబీఓతో వంద, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులకు యాభై. పవర్ సప్లైలో పొయ్యేది కలిపితే గోడ దగ్గర 370, పైన మానిటర్ ముప్పై. గేమ్ బరువు మీద కరెంటు ఒక్క రెప్పపాటు తగ్గి యూపీఎస్ బ్యాటరీకి మారిందంటే ఆడికాడికి కటుక్కుమంటాది. కూలినప్పుడు మానిటర్ లైటు కూడా ఆరిందా, యూపీఎస్ కూత పెట్టిందా గుర్తు తెచ్చుకో. రెండ్రోజులు నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి ఆడు, ఇది అన్నిటికంటే ముందు చెయ్. పైసా ఖర్చు లేదు.

మీ బావ సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ ఐ7 13700కే ప్రాసెసర్ కొంటానన్నాడు గదా. 13, 14 తరాల ఇంటెల్ చిప్పులు కొన్ని ఓవర్‌క్లాక్ చెయ్యకుండానే ఎక్కువ వోల్టేజీకి అరిగిపోయినాయి, 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) మార్పులు ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. బిల్లు ఉందా, బయోస్‌లో మైక్రోకోడ్ 0ఎక్స్12బీ గానీ దాని తర్వాతది గానీ ఉందా అడగమను. గేమ్ తెరిచేటప్పుడు 'అవుట్ ఆఫ్ వీడియో మెమరీ' అంటే ఆ చిప్ ముట్టొద్దను.

గోడ ప్లగ్ ఫలితం, ఆ ఈవెంట్ 18లో వచ్చిన అంకెలు రాసి పంపు. అమ్మను అడిగినానని చెప్పు.

నీ
రమణ