వైరస్ ఇంజెక్షన్ పేరుతో ఫోన్లు వస్తున్నాయి, తెలుగులో చెప్పేవాళ్లు లేరా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా పిన్నికి అంగిట్లో క్యాన్సర్. మా జాలారిపేట వైపు పెద్ద ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా, ఆవిడా ముప్ఫై ఏళ్లు తాగింది. ఇప్పుడు రేడియేషన్ నడుస్తోంది. పోయిన నెల ఎవరో ఫోన్ చేసి, 'నోటి క్యాన్సర్‌కి వైరస్ ఇంజెక్షన్ ఉందమ్మా, చైనాలో ఎప్పటినుంచో ఇస్తున్నారు, ముందు అడ్వాన్స్ కట్టండి' అన్నాడు. అంతే, ఇంట్లో సగం మంది బంగారం కుదువ పెడదామంటే, మిగతా సగం 'కరోనా చూశాం చాలదా, మళ్లీ వైరస్ ఎక్కించుకోవడమా' అని గొడవ.

కూర్చుని చదివితే నాకు అర్థమైందేంటంటే, ఆయన చెప్పింది పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు. చైనా 2005లోనే తల, మెడ క్యాన్సర్లకు కీమోతో కలిపి ఇచ్చే ఒక మార్చిన అడినోవైరస్‌కు (జలుబు లాంటివి తెచ్చే రకం వైరస్) అనుమతిచ్చింది. అమెరికా 2015లో టీ-వెక్ అనే మందును ఒప్పుకుంది, అయితే అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి, నోటికి కాదు. పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌లో రెండు జన్యువులు తీసేసి, మన రోగనిరోధక కణాల్ని రెచ్చగొట్టే జన్యువు ఒకటి పెట్టి, దాన్ని నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. 436 మందితో చేసిన ట్రయల్‌లో, అంటే మందు పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే పరీక్షలో, గడ్డలు బాగా తగ్గి ఆరు నెలలైనా అలాగే నిలిచింది ఈ మందు తీసుకున్నవాళ్లలో నూటికి 16 మందికి. పోల్చి చూసిన రెండో మందుతో ఇద్దరికే. మంచి సంగతే, కానీ మిగతా 84 మంది మాటేంటి? అది ఫోన్లో ఎవడూ చెప్పడు.

భయపడేవాళ్లకీ ఒక మాట. ఈ టీ-వెక్‌తో ఎక్కువగా వచ్చే ఇబ్బందులు జ్వరం, చలి, నీరసం. కానీ అది బతికున్న వైరస్, అందుకే రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ గర్భిణులకీ ఇవ్వరు. సూది వేసిన చోట కట్టు కట్టి ఉంచాలి, ఆ కట్టు మార్చేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. ఒకవేళ వైరస్ అంటుకున్నా హెర్పిస్‌కి వాడే ఎసైక్లోవిర్ ఉంది. సరే, ఒకే గదిలో నలుగురు పడుకునే మా ఇళ్లలో ఈ జాగ్రత్తలు విడమర్చి చెప్పేదెవరు?

ఇంకోటి. లాత్వియాలో రిగ్‌విర్ అనే వైరస్ మందు ఏళ్ల తరబడి అమ్మారు. 2019లో పరీక్షిస్తే సీసా మీద రాసినంత వైరస్ లోపల లేదని తేలి ఆపేశారు. అనుమతి ఉన్న మందుకే ఆ గతి పడితే, ఫోన్ ఏజెంటు సీసాలో ఏముందో ఏ దేవుడికి తెలుసు!

మన దేశంలో ట్రయల్ ఏదైనా సీటీఆర్‌ఐలో, అంటే ట్రయల్స్ వివరాలు అందరూ చూసుకునేలా పెట్టే ప్రభుత్వ రిజిస్ట్రీలో, నమోదవ్వాలి. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోవాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని క్లినికల్ ట్రయల్స్ 2019 నియమాల్లో ఉంది. ఆ నమోదు నంబరు అడిగితే మాకు ఫోన్ చేసినాయన ఫోన్ పెట్టేశాడు, మళ్లీ ఎత్తలేదు.

కేజీహెచ్‌లోనూ అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఓపీ దగ్గర ఒక తెలుగు బోర్డు పెట్టించండి సార్, ఏ ట్రయల్ నిజంగా నడుస్తోంది, నంబరెంత, ఎవరిని అడగాలి అని. డబ్బు అడిగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో కూడా దాని మీదే రాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదజాలారిపేట, విశాఖపట్నం