ప్రింటు అంటే నకలు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో బొమ్మలు కొనడం మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు బంగారం, స్థలాలతో పాటు ఇప్పుడు చిత్రకళ మీద కూడా డబ్బు పెడుతున్నారని రాశారు. అంతవరకు బాగానే ఉంది. కొంటే పెయింటింగులే కొనాలి, ప్రింట్లు ఉత్త నకళ్లు, వాటి జోలికి పోవద్దు అన్న వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ముప్పై ఏళ్లుగా నేను వెతుక్కుంటూ తిరిగింది ఆ ప్రింట్లనే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ చిత్రకారులు రాగి పలకల మీద, రాళ్ల మీద గీసి అచ్చు తీసినవి, కాగితం మీద కలంతో, పెన్సిల్‌తో వేసినవి. మీ పేపర్లో పడిన మాట జనం నమ్ముతారు. నమ్మి, ఎవరి అటక మీదో ఉన్న మంచి కాగితాన్ని చెత్తలో పడేస్తారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది పెడన దగ్గర పల్లె. కెమిస్ట్రీ చదివి 1986లో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌కి ఉద్యోగానికి వచ్చాను. బొమ్మల గురించి నాకేమీ తెలియదు. ఒక చలికాలం ఆదివారం మా పిల్లాడు ఇంట్లో ఉండలేక మారాం చేస్తుంటే, వెచ్చగా ఉంటుందని ఊళ్లోని డెలావేర్ ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ ఒక గోడ మీద రెండు అరచేతులంత బొమ్మ కనబడింది. రాత్రి, న్యూయార్క్‌లో ఒక డాబా. ఉక్కపోతకు ఇళ్లలో ఉండలేక జనం పరుపులు పైకి తెచ్చుకుని పడుకున్నారు. ఎవరి గొడవ వాళ్లది, నిద్రలో కాళ్లూ చేతులూ ఎటు పడితే అటు. ఒకాయన మాత్రం నిద్రపోకుండా పక్కన పడుకున్న ఇంకొకరి భార్య వైపు చూస్తున్నాడు.

మే నెలలో మా ఊళ్లో డాబా మీద నీళ్లు చల్లి, పక్కలు పరుచుకుని పడుకునే రాత్రులన్నీ ఆ నల్ల గీతల్లో నాకు కనబడ్డాయి. అమెరికా వచ్చాక మా ఇంటి లాంటిది ఇక్కడ చూడటం అదే మొదటిసారి. పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతున్నా అక్కణ్నుంచి కదల్లేకపోయాను.

ఆ బొమ్మ పేరు 'రూఫ్స్, సమ్మర్ నైట్'. వేసింది జాన్ స్లోన్, 1906లో. ఈయన 1871లో పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్‌లో పుట్టారు. 1904లో న్యూయార్క్ వచ్చి, కిటికీలోంచి, వీధుల్లో కనబడిన మామూలు మనుషుల్ని చూసి పది ఎచింగ్‌లు, అంటే రాగి పలక మీద గీసి అచ్చు తీసే ప్రింట్లు, చేశారు. అమెరికన్ వాటర్‌కలర్ సొసైటీ వాళ్లు 1906లో తమ ప్రదర్శనకు వాటిని అడిగి తెప్పించుకుని, నాలుగు అసభ్యంగా ఉన్నాయని తిప్పి పంపారు. బీదవాళ్ల పడకగదుల్ని ఉన్నవి ఉన్నట్టు వేయడమే ఆయన చేసిన తప్పు. 1951లో ఆయన పోయాక, భార్య హెలెన్ ఫార్ స్లోన్ ఆయన పనిని విల్మింగ్టన్‌లోని ఈ మ్యూజియానికే పెద్ద ఎత్తున ఇచ్చారు. స్లోన్ బొమ్మలు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇక్కడే. నాకది అప్పుడు తెలియదు.

ఇక నకలు మాటకొస్తాను. ఎచింగ్ ఎలా చేస్తారంటే, నున్నగా పాలిష్ పట్టిన రాగి పలక మీద మైనం లాంటి పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద బొమ్మ గీస్తారు. గీసిన చోట పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో పెడితే యాసిడ్ ఆ గీత వెంబడే రాగిని తినేసి గాడి చేస్తుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. తేలిక గీతలు చాలనుకున్న చోట మధ్యలో పలక బయటికి తీసి, అక్కడ మళ్లీ పూత వేసి, మిగతా భాగాన్ని ఇంకాసేపు తిననిస్తారు. యాసిడ్ రాగిని తినడం నేను ల్యాబ్‌లో చూసిన పనే కాబట్టి, ఒక్క నిమిషం తేడా వస్తే బొమ్మ ఎంత పాడవుతుందో ఊహించగలను. ఆ తర్వాత పూత కడిగేసి, గాడుల్లోకి సిరా కూరి, పైపైన గుడ్డతో, అరచేత్తో తుడుస్తారు. దాని మీద తడి కాగితం వేసి బరువైన రోలర్ల మధ్య తిప్పుతారు. కాగితం గాడిలోకి దిగి సిరాని పైకి లాగుతుంది. ఇంకో కాగితం కావాలంటే మళ్లీ సిరా పూయాలి, మళ్లీ తుడవాలి, అంతా మొదటినుంచి.

నకలు అంటే దాని అసలు ఇంకెక్కడో ఉండాలి కదా. ఎచింగ్‌కి అసలు ఎక్కడుంది? పలక మీద ఉన్నవి కుడి ఎడమలు తిరగేసిన ఖాళీ గాడులు. బొమ్మ మొట్టమొదట బొమ్మయ్యేది కాగితం మీదే. పది కాగితాలు తీస్తే పదీ అసలువే, యాభై తీస్తే యాభై అసలువే. స్లోన్ తన ప్రింట్ల అడుగున పెన్సిల్‌తో 'వంద ప్రతులు' అని ఇంగ్లీషులో రాసేవారు. కానీ చాలా పలకల నుంచి వంద ఎప్పుడూ తీయలేదు. కొనేవాళ్లు ఉంటే కదా తీయడానికి.

ఈ మాట నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది మా అమ్మ. 1997లో మా దగ్గరికి వచ్చినప్పుడు, అప్పటికి నేను కొనుక్కున్న ఒకే ఒక్క స్లోన్ ప్రింట్ చూపించాను. పేరు 'ది విమెన్స్ పేజ్', 1905 నాటిది. ఫిలడెల్ఫియాలో ఒక డీలర్ దగ్గర నెలకి నూట యాభై డాలర్ల చొప్పున నాలుగు నెలలు కట్టి తెచ్చుకున్నాను. చిందరవందరగా ఉన్న ఒక గది. లోపలి బట్టలతోనే కుర్చీలో కూర్చున్న ఒకావిడ, పేపర్లో ఆడవాళ్ల పేజీ విప్పి దానిలో మునిగిపోయింది. వెనక మంచం మీద పిల్లాడు పిల్లితో ఆడుకుంటున్నాడు. మా అమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఇక్కడ అచ్చు బాగా దిగిందిరా, ఇక్కడ తేలిపోయింది" అంది. పెడనలో కలంకారి గుడ్డ మీద చెక్క అచ్చు కొట్టడం పుట్టినప్పటి నుంచీ చూసిన మనిషి. ఒక్క అచ్చుతోనే కొట్టినా చెయ్యి బరువును బట్టి ఏ పువ్వుకా పువ్వు వేరని ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత, "పాపం, పనంతా అలాగే ఉంది, ఈ కాసేపైనా చదువుకోనీ" అంది. నేను పుస్తకాల్లో చదివిన ఏ వివరణా ఆ బొమ్మకి అంత దగ్గరగా రాలేదు.

మీ వ్యాసకర్తని పూర్తిగా తప్పు పట్టను. ప్రింట్ల పేరుతో నకళ్లు అమ్మేవాళ్లు నిజంగానే ఉన్నారు. 2003లో ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర, అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ ఎచింగ్ అని చెప్పింది కొన్నాను. పార్సిల్ విప్పి పది రెట్లు పెద్దగా చూపే లూప్ పెట్టి చూస్తే గీతలు లేవు, పేపర్లో ఫొటోకి ఉన్నట్టు వరసగా చుక్కలున్నాయి. ఏదో పాత పుస్తకంలోంచి కోసిన పేజీ. డబ్బు వెనక్కి రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు కూడా. అసలైన ఎచింగ్‌లో చుక్కల వరస ఉండదు. బొమ్మ చుట్టూ పలక అంచు కాగితంలోకి నొక్కుకుపోయి సన్నటి గట్టులా కనబడుతుంది. దీపాన్ని పక్కనుంచి వేసి చూడండి, సిరా గీతలు కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా, చీర అంచు మీద కుట్టుపనిలా నిలబడి ఉంటాయి. లితోగ్రాఫ్ రాతి మీద గీసి తీసేది కాబట్టి దానికి ఆ గట్టు ఉండదు, అక్కడ వేరే రకంగా చూడాలి. కొనబోయేవాళ్లు ముందు మ్యూజియంలో నాలుగు అసలువి కళ్లారా చూసి రావడం మంచిది. ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్ లాంటి చోట్ల ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే ప్రింట్లు బయటికి తీసి టేబుల్ మీద పెట్టి చూపిస్తారు. హాపర్, మార్టిన్ లూయిస్, జార్జ్ బెలోస్ లాంటివాళ్లవి ఇప్పుడు నా బోటివాడు కొనలేడు. అలా చూసే తృప్తి పడుతున్నాను.

హాపర్ పేరు వచ్చింది కాబట్టి ఒక పత్రిక సంగతి మీకు చెప్పాలి. 1913లో ఒక పెయింటింగ్ అమ్ముడయ్యాక, మళ్లీ పదేళ్ల వరకు ఆయన పెయింటింగ్ ఒక్కటి కూడా ఎవరూ కొనలేదు. ఎచింగ్ వైపు వచ్చింది ఆ రోజుల్లోనే. మొత్తం మీద డెబ్బై దాకా చేశారు. అందులో 'నైట్ షాడోస్' 1921 నాటిది. రాత్రిపూట మేడ మీద నుంచి చూస్తే వీధి మూలలో ఒంటరిగా నడిచిపోయే మనిషి, అడ్డంగా పడిన దీపస్తంభం నీడ. 1924లో 'ది న్యూ రిపబ్లిక్' అనే పత్రిక, ఈ ప్రింటుతో పాటు స్లోన్‌ది, జాన్ మారిన్‌ది, ఇంకొందరివి కలిపి ఆరు ఎచింగ్‌ల కట్టగా తన చందాదారులకు అందించింది. ఎక్కువ ప్రతులు తీసినా అరిగిపోకుండా 'నైట్ షాడోస్' రాగి పలక మీద ఉక్కు పూత వేయించారు. చందా కట్టిన ఇంటికి హాపర్ ఎచింగ్ వచ్చిందంటే ఇప్పుడు నమ్మడం కష్టం. పదేళ్ల తర్వాత, 1934లో, అసోసియేటెడ్ అమెరికన్ ఆర్టిస్ట్స్ అనే సంస్థ పేరున్న చిత్రకారుల ప్రింట్లను ఒక్కోటి ఐదు డాలర్లకు అమ్మింది. అప్పుడు కొన్నవాళ్లు మామూలు జీతగాళ్లే. నాకు దొరికినవి చాలావరకు అలాంటి ఇళ్ల నుంచే, మనిషి పోయాక సామాను అమ్మేసే శనివారాల్లో.

ఇంకో తప్పు నేను చేసింది, మీ పాఠకులు చేయకూడదని చెబుతున్నాను. ఆ 'విమెన్స్ పేజ్'ని తెచ్చిన వారంలోనే దగ్గర్లో ఉన్న ఫ్రేముల షాపులో ఇచ్చాను. వాళ్లు చవక అట్ట వేసి, వెనక టేపు అంటించి ఇచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత విప్పితే, అట్ట తగిలిన మేర కాగితం టీ ఒలికినట్టు గోధుమ రంగుకి మారింది. చెక్కగుజ్జుతో చేసిన అట్టలో ఆమ్లం ఉంటుంది, అది మెల్లగా పక్క కాగితంలోకి పాకుతుంది. జీతం తీసుకుని కెమిస్ట్రీ చేసేవాణ్ని, ఇంట్లో గోడ మీద జరుగుతున్నది గమనించలేదు. కాగితాలు బాగుచేసే నిపుణురాలు నెల రోజులు పెట్టుకుని, కడిగి, టేపు జిగురు ఊడదీసి ఇచ్చారు. మరక చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నవన్నీ నూలు గుజ్జుతో చేసిన అట్టలో, గోధుమ గంజి జిగురుతో జపనీస్ కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఎండ పడే గోడకి ఒక్కటీ లేదు.

చివరిగా, మీ ఆఫీసుకి సంబంధించిన సంగతి. స్లోన్ చిత్రకారుడు కాకముందు పేపర్ ఆర్టిస్టు. 1892 నుంచి 'ఫిలడెల్ఫియా ఇన్‌క్వైరర్'లో, ఆ తర్వాత 'ప్రెస్' అనే ఇంకో పేపర్లో పనిచేశారు. విలియం గ్లాకెన్స్, జార్జ్ లక్స్, ఎవరెట్ షిన్ కూడా ఆ ఊరి పేపర్ల వాళ్లే. ఫొటోలు పేపర్లో వేయడం ఇంకా కుదరని రోజులవి. ఎక్కడ నిప్పంటుకున్నా, ఎక్కడ ప్రమాదం జరిగినా వెళ్లి చూసొచ్చి, డెడ్‌లైన్ లోపల బొమ్మ గీసిచ్చేవాళ్లు. ఒక్కసారి చూస్తే చాలు, గ్లాకెన్స్‌కి అంతా గుర్తుండిపోయేదట. స్లోన్ నిదానం, ఆయనకి ఆదివారం పేజీల పని ఇచ్చేవారు. ఈ నలుగురూ తర్వాత 1908 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాక్‌బెత్ గ్యాలరీలో ఇంకో నలుగురితో కలిసి పెట్టిన ప్రదర్శన అమెరికా చిత్రకళ దారి మార్చింది.

నా దగ్గర ఆ కాలపు పేపర్ బొమ్మ ఒకటుంది. ఎవరిదో సంతకం లేదు. వర్షంలో ట్రామ్ ఎక్కుతున్న జనం, నల్ల సిరాతో. ఒకాయన గొడుగు దగ్గర తప్పు పోయిన గీత మీద తెల్ల రంగు పూసి మళ్లీ గీశారు. అంచున నీలం పెన్సిల్‌తో ఎన్ని కాలమ్‌ల వెడల్పుకి తగ్గించాలో కొలత రాసి ఉంది, మీ సబ్ ఎడిటర్లు రాసినట్టే. అచ్చయిన పేపర్లు లక్షలు చిరిగిపోయి ఉంటాయి, ఆ తెల్ల రంగు, ఆ నీలం పెన్సిల్ ఈ ఒక్క కాగితం మీదే మిగిలాయి. దాన్ని చూసినప్పుడల్లా మన తెలుగు పత్రికల ఆర్టిస్టులు గుర్తొస్తారు. కథలకి వేసిన బొమ్మలు, కార్టూన్లు, సీరియల్ హెడ్డింగులు, దశాబ్దాల పాటు వారం వారం గీసిచ్చారు. అచ్చు కోసం బ్లాకు చేయించాక ఆ ఒరిజినల్స్ ఏమయ్యాయి?

మీ పాత ఆఫీసు గదుల్లో, రిటైరైన ఆర్టిస్టుల ఇళ్లలో అలాంటివి ఉంటే దయచేసి వెతికించండి. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి, టేపు అంటించకండి, లామినేషన్ అసలు వద్దు. ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి, గాలి ఆడే పొడి చోట పెట్టించండి. ఆ కాగితం ఎక్కడ దొరకాలని అడిగితే, ఈ డిసెంబర్లో నేను విజయవాడ వస్తున్నాను, రెండు వందల షీట్లు సూట్‌కేసులో తెచ్చి మీ ఆఫీసులో ఇచ్చి వెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విల్మింగ్టన్, డెలావేర్