చాపెల్ హిల్ అథ్లెటిక్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ: కొత్త అఫెన్స్ ఎంత క్లిష్టంగా ఉండాలి?

మహాశయా,

చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2026 సీజన్‌కు మరో కొత్త అఫెన్స్‌తో, అంటే బంతి తన చేతిలో ఉన్నప్పుడు దాడి చేసే పద్ధతితో, సిద్ధమవుతోంది. ఏ ప్లే (ముందే అనుకున్న ఎత్తుగడ) ఎప్పుడు ఆడించాలో చెప్పడం మీ పని కాదని, నా పని అసలే కాదని నాకు తెలుసు. అయితే కోచ్‌లను నియమించేదీ, వారి ఒప్పందాలు ఖరారు చేసేదీ, ఏడాది చివర లెక్క అడిగేదీ మీ కార్యాలయమే. అందువల్ల ప్లేబుక్, అంటే ఆ ఎత్తుగడల పుస్తకం, ఎంత మందంగా ఉండాలన్న ప్రశ్న కోచ్‌ల గదిలోనే ఆగిపోకుండా మీ దాకా రావాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది మీ విశ్వవిద్యాలయంలో చదువుతున్నారు, శనివారాల్లో కెనన్ స్టేడియంలో గొంతు పోయేలా అరుస్తున్నారు. వారి తల్లిదండ్రులు కూడా ఈ చర్చలో పాలుపంచుకోవాలని దీన్ని తెలుగులో రాశాను. ఆంగ్ల ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ముందుగా అందరికీ తెలిసిన జాబితా ఒకటి గుర్తు చేస్తాను. 2022లో కోఆర్డినేటర్‌గా, అంటే అఫెన్స్ బాధ్యత చూసే కోచ్‌గా, మన అఫెన్స్‌ను నడిపినవారు ఫిల్ లాంగో. 2023, 2024 సీజన్లలో చిప్ లిండ్సీ, 2025లో ఫ్రెడ్డీ కిచెన్స్ నడిపారు, ఇప్పుడు బాబీ పెట్రినో వచ్చారు. అయిదు సీజన్లలో నలుగురు. 2022లో ఇక్కడ చేరి ఇప్పటికీ ఇక్కడే ఉన్న ఆటగాడు ఎవరైనా ఉంటే, అతడు ఒకే ఆటను నాలుగు భాషల్లో నేర్చుకున్నట్టు లెక్క. అదే మలుపు, అదే బ్లాకు, అదే పరుగు, కానీ ప్రతిసారీ పేరు వేరు, సంకేతం వేరు, లైన్‌లో నిలబడే పద్ధతి వేరు. అఫెన్స్ క్లిష్టత అనగానే అందరూ ప్లేల సంఖ్య గురించే మాట్లాడతారు. నా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద భారం ఈ కొత్తదనమే. రెండేళ్లుగా తెలిసిన ఎనభై ప్లేలు నిన్న నేర్చుకున్న ముప్ఫై ప్లేల కన్నా తేలిక.

పేర్ల సంగతి బయటివారికి చిన్నదిగా కనిపించవచ్చు కనుక కొంత వివరిస్తాను. కోచ్ బిల్ వాల్ష్ శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపరచిన సంప్రదాయంలో ప్లే పేరు పొడుగ్గా ఉంటుంది. ఎవరు ఎటు కదలాలో, ఏ రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) ఏ దారిలో పరుగెత్తాలో ఆ పిలుపులోనే వరుసగా చెబుతారు. 1970లలో న్యూ ఇంగ్లండ్‌లో పనిచేసిన కోచ్‌లు రాన్ ఎర్హార్ట్, రే పెర్కిన్స్ పేర్లతో నిలిచిన మరో సంప్రదాయంలో ఒక్క మాట ఒక భావన మొత్తాన్ని చెప్పేస్తుంది. ఉదాహరణకు "ఘోస్ట్" అంటే చాలు: అందరికన్నా బయట ఉన్న రిసీవర్ నేరుగా లోతుకు పరుగెత్తుతాడు, మధ్యలో ఉన్నవాడు సుమారు ఎనిమిది గజాల దగ్గర బయటికి మళ్లుతాడు, లోపల ఉన్నవాడు వెంటనే పక్కకు, అంచు వైపు వెళతాడు. ఆ చోట్లలో ఎవరు నిలబడ్డారన్నది ముఖ్యం కాదు, ఆ చోటు పని మారదు. కాబట్టి ఫార్మేషన్‌ను, అంటే ఆటగాళ్లు నిలబడే అమరికను, పది రకాలుగా మార్చినా ఆటగాడు కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు. వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్ఎల్‌లో రెండు దశాబ్దాలకు పైగా న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను నడిపిన మన హెడ్ కోచ్ బిల్ బెలిచిక్ గారి జట్లు ఆడింది ఈ పద్ధతిలోనే. అంటే మనం వెతుకుతున్న జవాబులో సగం మన ఇంట్లోనే ఉంది.

మిగతా సగం కూడా ఆయన అనుభవంలోనే ఉందని నా అభిప్రాయం, అయితే అది చేదు అనుభవం. 2021లో తొలి ఏడాది క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి అఫెన్స్‌ను నడిపే ఆటగాడు) మ్యాక్ జోన్స్‌తో పేట్రియట్స్ 10 గెలిచి 7 ఓడారు. మరుసటి ఏడాది పాత కోఆర్డినేటర్ వెళ్లిపోయాక, కోచ్‌లు మ్యాట్ పాట్రీషియా, జో జడ్జ్ చేతిలో అఫెన్స్‌ను తేలిక చేసే ప్రయత్నం జరిగింది. ఫలితం 8 గెలుపులు, 9 ఓటములు. అదే కుర్రవాడు ముందటి ఏడాది కన్నా తడబడ్డాడు. తేలిక చేయడం అన్న పేరుతో అలవాటైన మాటలను తీసేసి కొత్త మాటలు పెడితే అది తేలిక కాదు. ప్లేబుక్‌ను కోస్తే చాలు అనే అభిమానులకు కూడా ఈ ఉదాహరణ చూపించాలి.

ఇక సమయం. కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం సీజన్‌లో ఒక క్రీడాకారుడి చేత తప్పనిసరిగా చేయించగల పని వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలకు మించకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఉండాలి. శనివారం ఆటను 3 గంటలుగా లెక్కిస్తారు. మిగిలిన 17 గంటల్లో వ్యాయామశాల, మైదానంలో సాధన, వీడియోలు చూడటం, సమావేశాలు అన్నీ ఇమడాలి. వసంతంలో దొరికేది 15 సాధనలు మాత్రమే. ఎన్‌ఎఫ్ఎల్ ఆటగాడికి ఇదే ఉద్యోగం. మన ఆటగాడికి మంగళవారం ఉదయం గణాంకశాస్త్రం క్లాసు ఉంటుంది. ఈ తేడాను పట్టించుకోకుండా వృత్తి ఆటలో పండిన ప్లేబుక్‌ను యథాతథంగా ఇక్కడ దించితే, అది 17 గంటల్లో పట్టదు. పట్టనిది ఎక్కడికి పోతుంది? "స్వచ్ఛంద" సమావేశాల పేరుతో రాత్రుళ్లలోకి పోతుంది. నియమం ప్రకారం అది తప్పు కాకపోవచ్చు. ఒక విద్యార్థిని తండ్రిగా నాకు మాత్రం అది నచ్చదు.

2024 నుంచి హెల్మెట్‌లో రేడియో వచ్చింది కదా, కోచ్ నేరుగా చెబుతాడు కదా అంటారు. నిజమే, కానీ ఆ రేడియో అఫెన్స్‌లో ఒక్కడికే ఉంటుంది, ప్లే మొదలుపెట్టడానికి మిగిలిన గడువు చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకు చేరగానే మూగబోతుంది. మిగతా పదిమందికి ఆ మాట క్వార్టర్‌బ్యాక్ నోటి నుంచో చేతి సంజ్ఞ నుంచో చేరాలి. రేడియో వల్ల చెప్పడం సులువైంది గానీ వినడం సులువు కాలేదు, కొందరు కోచ్‌లు ఆ సులువును పిలుపులు పొడిగించడానికి వాడుకున్నారేమోనని నా అనుమానం.

2025 సెప్టెంబర్ 1న టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ)తో జరిగిన ఆటను మీరు మరిచిపోయి ఉండరు. మొదటి డ్రైవ్‌లో, అంటే బంతి మన దగ్గరున్న తొలి విడతలో, 83 గజాలు నడిచి టచ్‌డౌన్ సాధించాం. ఆ తర్వాత అవతలి జట్టు వరుసగా 41 పాయింట్లు చేసింది, 48-14తో ఓడాం. ఆ సీజన్ 4 గెలుపులు, 8 ఓటములతో ముగిసింది. మొదటి డ్రైవ్ సాధారణంగా ముందే రాసుకుని, వారాల తరబడి సాధన చేసిన ప్లేలతో నడుస్తుంది. ఒక్క ఆటతో ఏదీ రుజువు కాదు, ఆ రోజు ఓటమిలో బంతి చేజార్చుకోవడం పాత్ర కూడా పెద్దదే. అయినా, బాగా సాధన చేసిన భాగం పూర్తయ్యాక డెబ్బై మంది దాకా కొత్తవారితో కట్టిన జట్టు ఎలా చెదిరిందో చూసినవారికి ఆలోచన రాకుండా ఉండదు. ఆటగాళ్లు సులువుగా కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ యుగంలో ప్రతి ఏడాదీ జట్టు కొత్తగా పుడుతోంది. రెండో ఏట పండే అఫెన్స్‌ను ఒక్క ఏడాదే ఉండే ఆటగాళ్లకు నేర్పడంలో అర్థం లేదు.

చాపెల్ హిల్‌కు తేలిక అఫెన్స్ కొత్త కాదు. 2018లో 2 గెలుపులు, 9 ఓటములతో నేలకరచిన జట్టును 2019లో ఫిల్ లాంగో ఎయిర్ రెయిడ్ పద్ధతిలోకి మార్చారు. హాల్ ముమ్మీ, మైక్ లీచ్ రూపొందించిన ఆ పద్ధతి సారం, కొద్దిపాటి ప్లేలను కళ్లు మూసుకుని ఆడగలిగే దాకా పదేపదే సాధన చేయడం. లీచ్ టెక్సస్ టెక్ జట్టు 2008లో దేశంలోకెల్లా మొదటి ర్యాంకులో ఉన్న టెక్సస్‌ను 39-33తో ఓడించింది కూడా ఆ పద్ధతితోనే. మన దగ్గర అప్పుడే హైస్కూలు ముగించి వచ్చిన శామ్ హావెల్ తొలి సీజన్‌లోనే 38 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. 2020 డిసెంబరులో మయామీని 62-26తో ఓడించిన రోజున మైకేల్ కార్టర్ 308 గజాలు, జవాంటే విలియమ్స్ 236 గజాలు పరుగెత్తారు. ఒకే ఆటలో ఇద్దరు సహచరులు కలిసి సాధించిన పరుగుల్లో అది ఎన్‌సీఏఏ రికార్డు. 2022లో డ్రేక్ మే 4,321 గజాల పాసింగ్ చేశాడు. ఈ నలుగురూ తర్వాత ఎన్‌ఎఫ్ఎల్‌కు వెళ్లినవారే కనుక ఘనతంతా పద్ధతిదే అనడం అన్యాయం. కానీ అంతటి ప్రతిభ ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడు తొలి వారం నుంచే తడుముకోకుండా ఆడగలిగాడంటే, అతడి తల మీద పెట్టిన బరువు తక్కువ కావడం ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి ఎదురుగా నిలబెట్టే ఉదాహరణ 2019 నాటి ఎల్ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టు. ఎన్‌ఎఫ్ఎల్ నుంచి జో బ్రేడీ తెచ్చిన పాసింగ్ ఆలోచనలతో ఆ జట్టు 15 ఆటలకు 15 గెలిచింది, క్వార్టర్‌బ్యాక్ జో బరో 60 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. ఆ జట్టును ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే బరో అప్పటికి కాలేజీలో అయిదో ఏట ఉన్నాడు, ఆ జట్టుతో అది రెండో సీజన్. పైగా ఆ అఫెన్స్‌లో కష్టమంతా క్వార్టర్‌బ్యాక్ తలలో ఉండేది, ముందు వరుసలో బ్లాకు చేసే లైన్‌మన్ తలలో కాదు. మనకు అలాంటి క్వార్టర్‌బ్యాక్ దొరికిన రోజున ఈ లేఖను చెత్తబుట్టలో వేయండి. పెట్రినో గారి చరిత్ర కూడా నా వాదనకు విరుద్ధం కాదు: 2016లో లూయివిల్‌లో లామార్ జాక్సన్ ఏటా కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన అఫెన్స్ ఆ కుర్రవాడి కాళ్ల చుట్టూ కట్టినది. ఆటగాడిని బట్టి పుస్తకం మార్చగలనని ఆయన ఒకసారి చూపించారు.

క్లిష్టత అంతా చెడ్డదని నేను అనను. తేలికైనదాన్ని డిఫెన్స్ మూడు వారాల్లో పసిగడుతుందన్న భయంలో నిజం ఉంది. కాని క్లిష్టతలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో రిసీవర్ పరుగెత్తుతూనే డిఫెన్స్‌ను చదివి ఎటు మళ్లాలో అప్పటికప్పుడు నిర్ణయించుకోవాలి, క్వార్టర్‌బ్యాక్ కూడా అదే క్షణంలో అదే చదవాలి. రెండు తలలు అలా ఒకటి కావడానికి ఏళ్లు పడుతుంది, ఒకరు పొరబడితే బంతి అవతలివారి చేతిలో పడుతుంది. రెండో రకం కేవలం పైపై వేషం: స్నాప్‌కు (బంతి ఆటలోకి వచ్చే క్షణానికి) ముందు ఒకడిని అటు నుంచి ఇటు నడిపించడం, లైన్ చివర నిలబడే టైట్ ఎండ్‌ను పక్క మార్చడం, వేగం పెంచడం, తగ్గించడం. ఊళ్లోకి వచ్చే పగటివేషగాడు నిన్న శక్తివేషం, నేడు సోమయాజి వేషం కట్టినా లోపలి మనిషి ఒక్కడే అయినట్టు, ఇక్కడ లోపలి ప్లే మారదు, చూసే డిఫెన్స్‌కే తికమక. మన అఫెన్స్‌లో ఈ రెండో రకం ఎంత ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మొదటి రకం ఒకటి రెండు ప్లేలకు మించకూడదు.

ఇందులో మీ కార్యాలయం చేయగలిగింది చాలా ఉంది. జట్టు పదకోశం కోఆర్డినేటర్ సొత్తుగా కాక విశ్వవిద్యాలయం సొత్తుగా ఉండాలి. ఇకపై ఏ కోఆర్డినేటర్‌ను నియమించినా, ఆ మాటలతోనే తన ఆటను నేర్పాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. దీనివల్ల ఒకరిద్దరు పేరున్న కోచ్‌లు మనకు దక్కకపోవచ్చు. 105 మంది ఆటగాళ్లు తన మాటలు నేర్చుకోవాలే తప్ప తాను వారి మాటలు నేర్చుకోనని పట్టుబట్టే కోచ్ దక్కకపోయినా నాకు బెంగ లేదు. ప్రతి ఆట తర్వాత కోచ్‌లు వీడియో చూసి ఒక్కో ఆటగాడికి మార్కులు వేస్తారు. అందులో బలం చాలక ఓడినవి ఎన్ని, పని తెలియక తప్పినవి ఎన్ని అన్న లెక్కను విడిగా తెప్పించుకోండి. రెండో సంఖ్య పెరిగిన వారం తర్వాతి వారం ప్లేల జాబితా కుదించాలని హెడ్ కోచ్‌తో ముందే ఒప్పందానికి రండి. స్వచ్ఛంద సమావేశాలకు ఆటగాళ్లు వెచ్చిస్తున్న గంటలను పేర్లు లేని ప్రశ్నావళి ద్వారా తెలుసుకోండి. కోచ్‌లను అడిగితే అసలు సంఖ్య రాదు.

2026 ఆగస్టు 29న డబ్లిన్‌లో మళ్లీ అదే టీసీయూతో మన తొలి ఆట. సముద్రం దాటి వెళ్లి ఆడే ఆటకు సాధన రోజులు కొన్ని ప్రయాణంలోనే పోతాయి కనుక, రెండో వరుస ఆటగాళ్లు కూడా తప్పు లేకుండా ఆడగలిగిన ప్లేలనే ఆ జాబితాలో ఉంచమని హెడ్ కోచ్ గారిని కోరండి. పదకోశం, తప్పుల లెక్క, సమావేశాల గంటలు అనే మూడు విషయాలపై మీ కార్యాలయం వైఖరిని ఆగస్టు శిక్షణ శిబిరం మొదలయ్యేలోగా బహిరంగంగా తెలియజేయవలసిందిగా అభ్యర్థిస్తున్నాను.

భవదీయుడు,
కేరీ నివాసి, చాపెల్ హిల్ విద్యార్థిని తండ్రి