వడ్డేపల్లి కట్ట మీదికి వచ్చిన కానిస్టేబుల్ సార్లకు, ఫోన్లో తోడున్న మేడమ్‌కి

మీకు థ్యాంక్స్ చెప్పాలని, తమ్ముడిని అడిగే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు. వాడికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉంది. మాత్రలు వేసుకున్నన్నాళ్లు హనుమకొండలో ఫోన్లు రిపేరు చేసుకుంటూ, క్రికెట్ చూసి తిట్టుకుంటూ అందరిలాగే ఉంటాడు. ఈ వానాకాలంలో "నాకు తగ్గిపోయింది" అని మాకు చెప్పకుండా మందులు ఆపేశాడు.

ఒక రాత్రి వాడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద కర్ర పట్టుకుని తిరుగుతున్నాడని తెలిసినవాళ్లు ఫోన్ చేశారు. మేం వెళ్లేసరికే జనం మూగారు. ఇద్దరు ముగ్గురు వీడియో తీస్తున్నారు. ఒక పెద్దాయన తాడు తెమ్మంటున్నాడు.

నేను 14416కి చేశాను. మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు అది, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది. ఏ వేళకైనా చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఎత్తిన మేడమ్ నన్ను ఏడవనివ్వలేదు. చేతిలో ఏముంది, నీళ్లకు ఎంత దూరంలో ఉన్నాడు, మందులు ఎప్పుడు ఆపాడు అని వరసగా అడిగింది. "ఇంకో ఫోన్ నుంచి వెంటనే 100కి చేయించండి. గొడవ అని చెప్పకండమ్మా, పేషెంట్ అని చెప్పండి" అంది. మా ఆయన చేశారు.

నిజం చెప్పాలంటే పోలీసులు వస్తున్నారంటే నాకు ఇంకా టెన్షన్ పెరిగింది. కొన్నేళ్ల కింద వేరే ఊళ్లో ఇలాగే అయినప్పుడు తెల్లారేదాకా వాడిని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పటి నుంచి వాడికి ఖాకీ బట్ట కనబడితే చాలు, చెమటలు పడతాయి.

బ్లూ కోల్ట్స్ అనే పోలీసు గస్తీ బండి మీద ఇద్దరొచ్చారు. లైన్లో మేడమ్ ఉన్నారని చెప్పగానే పెద్ద కానిస్టేబుల్ సార్ "స్పీకర్ పెట్టమ్మా" అన్నారు. ఆవిడ చెప్పింది ఒక్కటి కూడా కొట్టిపారేయలేదు. బండి లైటు ఆర్పించారు. వైర్‌లెస్ సెట్ సౌండ్ తగ్గించారు. చిన్న కానిస్టేబుల్ జనాన్ని వెనక్కి పంపి, వీడియోలు తీసేవాళ్ల ఫోన్లు జేబులో పెట్టించారు. మాట్లాడేది ఒక్కరే ఉండాలని మేడమ్ చెబితే, మా అమ్మను కూడా పక్కకు రమ్మన్నారు.

తమ్ముడు "వాళ్లొస్తున్నరు, నన్ను సంపుతరు" అని అరుస్తున్నాడు. ఎవరూ లేరని వాదించొద్దు, ఉన్నారని ఒప్పుకోనూ వద్దు, భయం గురించే మాట్లాడండి అంది మేడమ్. సార్ టోపీ తీసి బండి మీద పెట్టి, వాడికి బారెడు దూరం ఉంచి తడి గడ్డి మీద కూర్చున్నారు. "మస్తు భయమైతుందా తమ్మీ? నేనీడనే ఉంట. నీళ్లు తాగుతవా?" అన్నారు. చాలాసేపు అంతే, అవే మాటలు. ఒక దశలో సార్ తన మోకాళ్ల నొప్పుల గురించి కూడా చెప్పారు! చివరికి వాడే కర్ర కింద పెట్టి బాటిల్ అందుకున్నాడు.

108 అంబులెన్స్‌లో వచ్చిన అబ్బాయికీ థ్యాంక్స్. "పిచ్చి లేచింది" అని ఎవరో అంటుంటే పట్టించుకోకుండా ముందు షుగర్ చూశాడు. షుగర్ పడిపోయినా మనిషి ఇలా తికమక పడతాడట. సూది గుచ్చే ముందు "ఇప్పుడు వేలు మీద చిన్నగా గుచ్చుతా అన్నా" అని తమ్ముడికే చెప్పాడు, మాకు కాదు.

అక్కడి నుంచి నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి. స్టేషన్‌కి కాదా అని నేనే అడిగితే సార్ చట్టం చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. అది రాసి ఉన్నది 100వ సెక్షన్‌లోనేనట, ఫోన్ నంబరు లాగే. సైకియాట్రీ డాక్టర్ వచ్చి తమ్ముడితో మాట్లాడి, అమ్మకు అడ్మిషన్ సంగతి వివరించేదాకా ఇద్దరూ కదల్లేదు.

మేడమ్ ఒక్కతే అయితే కట్ట మీదికి రాలేదు. పోలీసులు ఒక్కరే అయితే వాళ్లకు ముందు కనబడేది కర్రే. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో కత్తి పట్టుకున్న ఒక మానసిక రోగిని పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే, 1988లో, మానసిక వైద్యం తెలిసినవాళ్లతో కలిసి పోలీసులకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టారు. అక్కడ కొన్ని ఊళ్లలో ఇలాంటి ఫోన్ వస్తే కౌన్సెలర్ కూడా పోలీసు బండిలోనే వెళ్తారు. మా విషయంలో ఆ పని ఒక స్పీకర్ ఫోన్ చేసింది, అదీ వినే ఓపిక ఉన్న మనిషి దొరికాడు కాబట్టి. వరంగల్ కమిషనరేట్‌లో రాత్రి డ్యూటీ చేసే ప్రతి బండికీ ఈ శిక్షణ ఇప్పించమని పెద్ద సార్లను చేతులు జోడించి అడుగుతున్నాను. ముందు ఆ కట్ట మీది సార్‌నే క్లాసు చెప్పమనండి.

తమ్ముడు ఇంటికొచ్చాడు. మాత్రలు అమ్మ చేతి మీదుగా వేసుకుంటున్నాడు, విసుక్కుంటూనే. సార్, మిమ్మల్ని స్టేషన్‌కొచ్చి కలుద్దామంటే వాడు ఆ మెట్లు ఎక్కనంటున్నాడు. డ్యూటీ లేని రోజు మీరిద్దరే మా ఇంటికి రండి. అమ్మ సర్వపిండి చేస్తానంది. మీ ఫోన్‌కి గ్లాస్ పగిలిందని ఆ రాత్రే చూశాడట వాడు, అదీ తెమ్మంటున్నాడు.